పది లెవెల్సూ యాడ అని అడగబాకండి, తీసేసిందేందో అడగండి

ఎడిటర్ గారికి నమస్కారం,

పోయిన వారం మీ చదువుల పేజీలో ఫైనల్ ఇయర్ బీటెక్ పిల్లోళ్ళకి ప్రాజెక్టు సలహాలని కొన్ని పాయింట్లు వేసినారు కదా, అందులో ఒకటి చూసి ఈ లెటర్ రాస్తాండా. అబ్‌స్ట్రాక్ట్‌లో (ప్రాజెక్టులో ఏం చేస్తామో ముందే రాసిచ్చే కాగితం అది) ఏమేం రాసిస్తారో అవన్నీ రివ్యూ నాటికి చూపించాల్సిందే, ఒక్కటి తగ్గినా మార్కులు పోతాయి అని వేసినారు. మార్కులు పోయేది నిజమే, నేను కాదనను. అయితే అట్ల పోవడం న్యాయమేనా అని మీ పేపరోళ్ళు ఒక్క మాటైనా అడగలేదే అని నా బాధ. బ్లడ్ బ్యాంక్ మేనేజ్‌మెంటు, ఫేస్ అటెండెన్సు ఇట్లాంటి ప్రాజెక్టుల సంగతి నాకు తెలీదు, వాటికి మీరు చెప్పిందే కరెక్టేమో. నేను మాట్లాడేది వీడియో గేమ్ ప్రాజెక్టుల గురించి, అందులోనూ మారియో మాదిరి ఎగిరి దూకే ప్లాట్‌ఫామ్ గేమ్‌ల గురించి.

నీకేం సంబంధం అంటారేమో. తిరుపతిలో కాలేజీ పిల్లోళ్ళు ఎక్కువ తిరిగే రోడ్డులో నాది జిరాక్సు, డీటీపీ, ప్రాజెక్టు బైండింగు షాపు. మార్చి వచ్చిందంటే చాలు రాత్రి పన్నెండుకి కూడా షట్టర్ దించనియ్యరు. టైప్ చేసేది నేనే, ప్రింట్ తీసేది నేనే, గోల్డ్ కలర్ అక్షరాలు కొట్టించేది నేనే కాబట్టి ప్రతి బ్యాచీ అబ్‌స్ట్రాక్టూ చదవకుండా నా చేతులు దాటిపోదు. అంతకు ముందు చిత్తూరులో వీడియో గేమ్ సెంటర్ నడిపినా, టీవీకి డబ్బా తగిలించి అరగంటకి ఇంత అని తీసుకునేది, అప్పట్లో స్కూలు ఎగ్గొట్టి వచ్చిన పిల్లోళ్ళు ఇప్పుడు పెద్ద పెద్ద ఉద్యోగాల్లో ఉండారు, అది వేరే కథ.

ఆ రోజుల్లో క్యాసెట్లు కొన్నోళ్ళకి ఒక విషయం బాగా గుర్తుంటాది. స్టిక్కర్ మీద 9999 గేమ్స్ ఇన్ వన్ అని ఉండేది. లోపల పెట్టి చూస్తే మారియో, కాంట్రా, ట్యాంకులు, బాతుల్ని కాల్చేది, ఇంకో నాలుగు. అవే గేమ్‌లు పేరు మార్చి, మొదలయ్యే లెవెల్ మార్చి, రంగు మార్చి లిస్టు చివరి దాకా మళ్ళీ మళ్ళీ వచ్చేవి. అయినా కొనేవాళ్ళు మటుకు స్టిక్కర్ మీద నంబర్ చూసే కొనేవాళ్ళు. సార్, ఇప్పుడు మన కాలేజీల్లో ప్రాజెక్టు రివ్యూలు జరిగేది అచ్చం ఆ క్యాసెట్ కొన్నట్టే ఉండాది, అదే నేను చెప్పొచ్చేది.

ఈ సంవత్సరం ముగ్గురు పిల్లోళ్ళ బ్యాచి ఒకటి వచ్చింది నా దగ్గరికి. పేర్లొద్దు, కాలేజీ పేరూ వద్దు. వాళ్ళ అబ్‌స్ట్రాక్ట్ ఆగస్టులో నేనే టైప్ చేసినా. అలిపిరి నడకదారి మీద గేమ్. కుర్రోడు ఒకడు అలిపిరి కాడ మొదలుపెట్టి 3550 మెట్లూ ఎక్కి పైకి పోవాల, దారిలో గాలిగోపురం ఒక లెవెల్, జింకల పార్కు ఒక లెవెల్, మోకాళ్ళ పర్వతం ఇంకో లెవెల్, మొత్తం పది లెవెల్స్, ఐదు రకాల శత్రువులు, ఇద్దరు కలిసి ఆడే మల్టీప్లేయరు, ఆన్‌లైన్ లీడర్‌బోర్డు. పది అనే లెక్క యాడ నుంచి వచ్చింది నాయనా అంటే, చిన్నప్పుడు స్కూలు కంప్యూటర్ ల్యాబులో డేవ్ ఆడినాం కదా అన్నా, దాంట్లో పదే కదా ఉండేది అన్నాడు. నిజమే, డేంజరస్ డేవ్‌లో పదే లెవెల్స్. లెక్క బాగానే ఎంచుకున్నారు.

ఏప్రిల్‌లో రికార్డు ప్రింటుకి వచ్చేటప్పటికి గేమ్‌లో నాలుగు లెవెల్స్ ఉండాయి. మల్టీప్లేయర్ లేదు. లీడర్‌బోర్డు లేదు. అసలు అలిపిరే లేదు! చంద్రగిరి కోట ఉండాది. మొత్తం తిప్పేసినారేందిరా అంటే వరసగా చెప్పుకొచ్చినారు. ఫస్టు, వాళ్ళలో ఒకడి అవ్వ చూసిందంట. నడకదారిలో జనం చెప్పులు కూడా వేసుకోకుండా, మెట్టు మెట్టుకీ పసుపు కుంకుమ పెడతా పోతారు, నువ్వేందిరా ఆడ ఒకరి నెత్తిన ఒకడు ఎగిరి దూకే ఆట పెట్టినావు అనిందంట. ఇంక చిరుతపులి, అది ఒక శత్రువుగా పెట్టుకున్నారు, 2023లో నడకదారిలో చిన్నబిడ్డ విషయం జరిగినాక మన ఊర్లో ఎవరైనా దాన్ని ఆటగా చూస్తారా, వాళ్ళే ఆలోచించుకుని తీసేసినారు. ఎవరూ చెప్పలేదు. సరే మెట్లు వద్దనుకున్నాక గీసిపెట్టుకున్న మ్యాపులు ఏం చేయాల? మోకాళ్ళ పర్వతం లెవెల్ నిట్టనిలువుగా ఉంటాది కదా, దాన్ని అట్లే తీసుకుపోయి చంద్రగిరి కొండ మీద కోటగోడ ఎక్కే లెవెల్‌గా మార్చినారు. రాళ్ళ రంగు మార్చినారు, జింకల బదులు మేకలు పెట్టినారు, కింద రాజమహల్ పెట్టినారు, సరిపోయింది.

ఇది విని నేను నవ్వినా, ఎందుకంటే ఇదే పని సెగా కంపెనీ 1992లోనే చేసింది. సోనిక్ 2 గేమ్‌లో జెనోసైడ్ సిటీ అని ఒక జోన్ (ఒక్కో లోకం అనుకోండి, దాంట్లో ఉండే లెవెల్స్‌ని ఆక్టులంటారు) వేసుకున్నారు, మధ్యలో వద్దనుకుని తీసేసినారు, అయితే దానికి గీసిన మ్యాపు పారేయలేదు, మెట్రోపోలిస్ జోన్‌కి మూడో ఆక్టుగా తగిలించినారు. ఆ గేమ్ ఆడినోళ్ళకి గుర్తుండే ఉంటాది, మిగతా జోన్లు చాలావరకు రెండేసి ఆక్టులే, ఈ ఒక్కదానికే మూడు. ఎందుకు మూడు అని చిన్నప్పుడు ఎవరూ అడగలేదు. అతుకు కనపడనంత బాగా కుట్టినారు.

అదే గేమ్‌లో ఇంకా పెద్ద కథ ఉండాది. మొదట్లో హీరో సోనిక్ కాలంలో వెనక్కీ ముందుకీ పోయేట్టు ప్లాన్ చేసుకున్నారు, అదంతా తీసేసినారు. ఉడ్ జోన్ అని ఒకటి, ఎడారి జోన్ ఒకటి, అవీ పోయినాయి. హిడెన్ ప్యాలెస్ అని ఒక జోన్ ఫోటోలు విడుదలకి ముందే గేమ్ మ్యాగజైన్లలో వచ్చేసినాయి, మెరిసే రాళ్ళ గుహ అది, చూసినోళ్ళంతా దానికోసం ఎదురు చూస్తా ఉంటే నవంబరులో క్యాసెట్ వచ్చింది, అందులో ఆ జోన్ లేదు. టైమ్ చాల్లేదు, క్యాసెట్‌లో చోటూ చాల్లేదు. అమెరికాలో, జపాన్‌లో పిల్లోళ్ళు ఏండ్ల తరబడి ఆ గుహకి దారి వెతికినారంటే నమ్ముతారా. ఆఖరికి 2013లో ఫోన్లకి మళ్ళీ చేసినప్పుడు ఆ జోన్‌ని పూర్తిచేసి పెట్టినారు. దారి యాడ పెట్టినారో చూడండి. మిస్టిక్ కేవ్ జోన్ రెండో ఆక్టులో ఒక గుంత ఉండాది, పాత గేమ్‌లో అందులో పడితే ఇంక పైకి వచ్చే మార్గమే లేదు, ముళ్ళ మీద పడి చావాల్సిందే, అందరూ తిట్టుకునే గుంత. కొత్తదాంట్లో ఆ గుంతలో పడితేనే హిడెన్ ప్యాలెస్‌కి పోతాం. చేసినోడి చేతికి దండం పెట్టాల.

ఇప్పుడు మన గైడ్ సార్ల లెక్కన సోనిక్ 2కి ఎన్ని మార్కులు? అబ్‌స్ట్రాక్ట్‌లో టైమ్ ట్రావెల్ రాసినారు, చూపించలేదు. జోన్లు రాసినారు, చూపించలేదు. సప్లీ రాసుకో నాయనా అంటారు.

మారియో సంగతి చూడండి. 1985లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ గేమ్ అంతా కలిపి 40 కిలోబైట్లు. ఇప్పుడు వాట్సాప్‌లో వచ్చే గుడ్ మార్నింగ్ ఫోటో అంతకంటే పెద్దది. ఆ 40లోనే 32 లెవెల్స్, పాటలు, బొమ్మలు అన్నీ పట్టాల. అందుకే ఆకాశంలో మేఘమూ కింద పొదా ఒకే బొమ్మ, రంగు మాత్రమే వేరే, కావాలంటే ఇప్పుడే ఫోన్లో పెట్టుకుని చూడండి. మొదట్లో మారియో మేఘం ఎక్కి తుపాకీ కాల్చే ఆట కూడా అనుకున్నారంట. తీసేసినారు. ఎందుకంటే ఆట ప్రాణమంతా దూకడంలోనే ఉండాదని వాళ్ళకి అర్థమైంది. ఆకాశంలో కాయిన్లు ఏరుకునే బోనస్ లెవెల్ వస్తాది చూడండి, అది ఆ ఐడియా తాలూకు మిగిలిన ముక్క. ఇంకొకటి, మొట్టమొదట ఎదురొచ్చే పుట్టగొడుగు మాదిరి గోధుమరంగు శత్రువు, గూంబా అంటారు, మొదటి లెవెల్లో మొదటి శత్రువు కదా, దాన్నే మొదట చేసుంటారు అనుకుంటాం. కాదు, దాన్నే ఆఖర్న చేసినారు. తాబేలు శత్రువుతో మొదలుపెడితే కొత్తగా ఆడేవాళ్ళకి కష్టంగా ఉండాదని, తొక్కితే ఒక్క దెబ్బకి పోయేది ఒకటి కావాలనుకున్నారు. అప్పటికి మెమరీ అయిపోయింది. ఒక్క బొమ్మకే చోటుండాది. నడిచేట్టు కనపడాలంటే రెండు బొమ్మలన్నా కావాల కదా, వాళ్ళేం చేసినారంటే ఆ ఒక్క బొమ్మనే ఎడమకీ కుడికీ తిప్పి తిప్పి చూపించినారు, అది కాళ్ళు కదిలించి నడిచినట్టే ఉంటాది. నా గేమ్ సెంటర్లో వందల మంది దాన్ని తొక్కింటారు, ఒక్కరికీ అనుమానం రాలేదు, నాకూ రాలేదు.

ప్రిన్స్ ఆఫ్ పర్షియా ఆడినారు కదా, 1989ది, కత్తి పట్టుకుని ముళ్ళ గుంతలు దాటేది. దాన్ని చేసిన జోర్డాన్ మెక్నర్ గారికీ ఇదే ఇబ్బంది, ఆపిల్ 2 కంప్యూటర్లో కొత్త శత్రువుని గీయడానికి మెమరీలో చోటు లేదు. అప్పుడు రాజకుమారుడి బొమ్మలనే తీసుకుని, కొంచెం జరిపి, ఒకదాని మీద ఒకటి తిరగేసి కలిపితే దయ్యం మాదిరి మెరిసే నీడమనిషి వచ్చినాడు. వాడు అద్దంలోంచి దూకి బయటికొస్తాడే, వాడే. ఆ గేమ్‌లో అందరికీ గుర్తుండేది వాడే. చోటుండి మామూలు రాక్షసుడు ఎవడన్నా వచ్చింటే ఈ పొద్దు వాడి గురించి మాట్లాడుకునేవాళ్ళమా?

మళ్ళీ మా పిల్లోళ్ళ దగ్గరికి వస్తా. లెవెల్స్ తగ్గించి ఆ టైమ్ అంతా ఏం చేసినారు అని మీకూ అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది, బద్ధకించినారేమో అనుకున్నా. బైండింగు గమ్ము ఆరేలోపల నా సిస్టమ్‌లోనే పెట్టి ఆడమన్నారు. కోటగోడ అంచు మీద పరిగెత్తుతా ఉండా, నా వయసుకి చేతులు లేటు కదా, అంచు దాటిపోయినాక బటన్ నొక్కినా. పడిపోవాల. పడలేదు, దూకినాడు! మళ్ళీ చేసినా, మళ్ళీ దూకినాడు. ఏందిరా ఇది అంటే, కాలు అంచు దాటినాక కూడా ఒక ఆరు ఫ్రేములదాకా జంప్ ఒప్పుకునేట్టు పెట్టినాం అన్నా అన్నాడు. ఫ్రేము అంటే తెర మీద ఒక్కసారి మారే బొమ్మ, సెకనుకి 60 ఫ్రేములు, ఆరంటే సెకనులో పదో వంతు. కయోటీ టైమ్ అంటారంట దాన్ని, చానా మంచి ప్లాట్‌ఫామ్ గేమ్‌లలో ఉంటాదంట. అట్లే కిందికి దిగకముందే కొంచెం తొందరపడి నొక్కినా గుర్తుపెట్టుకుని దిగంగానే దూకుతాడు, బటన్ కొంచెంసేపు పట్టుకుంటే ఎత్తుకి, తట్టి వదిలేస్తే పొట్టిగా. మొదట ఆరు ఫ్రేములు కాదంట, పన్నెండు పెట్టి చూసినారంట, గాల్లో నడిచినట్టు ఉండాదని తగ్గించినారంట, తర్వాత మూడు, అది సరిపోలేదని మళ్ళీ ఆరు. ఈ ఒక్క దూకుడు సరిచేయడానికే వాళ్ళ సెమిస్టర్లో సగం పోయింది. గేమ్ ఆడుతా ఉంటే చేతికి తెలుస్తాది సార్, హాయిగా ఉంటాది. అయితే అది రికార్డులో ఫోటో తీసి అంటించేదానికి కుదరదు, లెక్కపెట్టేదానికీ కుదరదు.

రివ్యూలో ఏమైందంటే, గైడ్ సార్ అబ్‌స్ట్రాక్ట్ ముందర పెట్టుకుని పెన్నుతో టిక్కులు కొట్టుకుంటా పోయినారంట. లెవెల్స్ పది అన్నారు, నాలుగే ఉండాయి. శత్రువులు ఐదు అన్నారు, రెండే. మల్టీప్లేయర్ లేదు. టైటిల్ కూడా మారిపోయింది, ఎవర్ని అడిగి మార్చినారు? కీబోర్డు మీద చెయ్యి కూడా పెట్టలేదంట ఆయన. అదే రోజు ఇంకో బ్యాచి, వాళ్ళ రికార్డు కూడా నేనే బైండ్ చేసినా కాబట్టి స్క్రీన్‌షాట్లు చూసినా, పది లెవెల్స్ ఉండాయి వాళ్ళకి. ఒకటే మ్యాపు. ఒకదాంట్లో ఆకాశం నీలం, ఇంకోదాంట్లో ఎరుపు, ఇంకోదాంట్లో రాత్రి. మూడో లెవెల్లో రాయి యాడుందో ఏడో లెవెల్లోనూ ఆడనే ఉండాది. వాళ్ళకి ఫుల్ మార్కులు. పిల్లోళ్ళని నేను తప్పు పట్టను, అడిగేవాళ్ళు ఏది అడిగితే అదే చేస్తారు, 9999 క్యాసెట్ కొనేవాళ్ళుంటే తయారుచేసేవాళ్ళు ఉండరా.

అయితే తీసేయడమంతా గొప్పేనా అంటే, కాదు. అది కూడా చెప్పాల, లేకుంటే నేను ఒక పక్కే మాట్లాడినట్టు ఉంటాది. సోనిక్ 3 మొదట ఒకటే పెద్ద గేమ్ అనుకున్నారు, టైమూ క్యాసెట్ ఖర్చూ సరిపోక రెండు ముక్కలు చేసి 1994 ఫిబ్రవరిలో ఒకటి, అక్టోబరులో సోనిక్ అండ్ నకుల్స్ అని ఇంకోటి అమ్మినారు. రెండో క్యాసెట్ నెత్తిన మొదటి క్యాసెట్ గుచ్చితే మొత్తం గేమ్ అవుతాది, తెలివైన పనే. కానీ రెండుసార్లు డబ్బులు కట్టింది ఎవరు, పిల్లోళ్ళ అమ్మానాన్నలు. ఇప్పుడైతే ఈ రోగం ఇంకా ముదిరింది, సగం గేమ్ ఇచ్చి మిగతా సగం డీఎల్‌సీ అని మళ్ళీ కొనమంటారు, దాన్ని నేను సమర్థించను. ఇంక మన దగ్గర నిజంగానే ఏమీ చేయకుండా, రివ్యూ ముందురోజు రాత్రి నా షాపుకొచ్చి అన్నా మాది స్కోప్ తగ్గించినాం అనే బ్యాచీలూ ఉండాయి, వాళ్ళ మొహం చూస్తేనే తెలిసిపోతాది నాకు.

మరి తేడా ఎట్ల కనుక్కోవాల? చానా సులువు సార్. తీసేసిందాన్ని చూపించమనాల. నిజంగా చేసి తీసేసినోడి దగ్గర తీసేసింది ఉంటాది, ఊరికే రాసినోడి దగ్గర ఏమీ ఉండదు. క్రాష్ బ్యాండికూట్‌లో స్టార్మీ అసెంట్ అని ఒక లెవెల్ చేసినారు, 1996లో, తుఫానులో కోట గోడ ఎక్కేది. పూర్తిగా చేసినారు, ఆడి చూసుకున్నారు, మరీ కష్టంగా ఉండాది, జనం ఏడుస్తారు అని పక్కన పెట్టేసినారు. అయితే డిస్క్‌లో అట్లే ఉండిపోయింది, పోవడానికి దారి మాత్రం లేదు, చీట్ డివైజులు పెట్టి లోపల దూరినోళ్ళు దాన్ని కనిపెట్టినారు. 2017లో పాత మూడు గేమ్‌లూ కొత్తగా చేసినప్పుడు దాన్ని బయటికి తీసి ఇచ్చినారు. ఆడి చూడండి, ఎందుకు తీసేసినారో మొదటి నిమిషంలోనే తెలుస్తాది.

లూయిజీది ఇంకో వింత. సూపర్ మారియో 64 చేసేటప్పుడు తమ్ముడు లూయిజీ కూడా ఉన్నాడు, మెమరీ చాలక తీసేసినామని మారియోని సృష్టించిన మియామోటో గారే చెప్పినారు. ఆ గేమ్‌లో కోట వెనక పెరట్లో ఒక బొమ్మ కింద రాతి పలక ఉండాది, మసకమసకగా ఏదో రాసి ఉంటాది, దాన్ని ఎల్ ఈజ్ రియల్ 2401 అని చదువుకుని లూయిజీ యాడో దాక్కున్నాడని పిల్లోళ్ళు ఏండ్లకేండ్లు వెతికినారు. 2020 జూలైలో నింటెండో పాత ఫైళ్ళు లీకైతే అందులో లూయిజీ ముక్కలు నిజంగానే దొరికినాయి. గేమ్ జపాన్‌లో వచ్చింది 1996 జూన్‌లో, అంటే లెక్కేసుకోండి, 24 ఏండ్ల 1 నెల, పలక మీద చదువుకున్న 2401 కూడా అదే. మన ఊర్లో అయితే దాన్ని జాతకం అనేవాళ్ళు. కాకతాళీయమే, అయినా చెప్పకుండా ఉండలేకపోయినా.

అన్నీ ఇట్ల దొరకవు. మెక్నర్ గారి ప్రిన్స్ ఆఫ్ పర్షియా సోర్స్ కోడ్ ఏమైందో ఆయనకే తెలీకుండా పోయింది, 2012లో వాళ్ళ నాన్న దగ్గర పాత సామాన్లలో ఫ్లాపీల డబ్బా బయటపడితే తెలిసినోళ్ళని పిలిపించి జాగ్రత్తగా చదివించి అందరికీ తెరిచి పెట్టేసినారు. డేవ్ అన్నాం కదా, దాన్ని చేసిన జాన్ రొమేరో, ఆయన జతగాళ్ళు 1990లో సూపర్ మారియో 3ని కంప్యూటర్‌కి ఆడేట్టు ఒక డెమో చేసి నింటెండోకి పంపినారు, వాళ్ళు వద్దన్నారు. ఆ పనితనంతోనే కమాండర్ కీన్ అని సొంత గేమ్ చేసుకున్నారు, దాంతో వాళ్ళ దశ తిరిగింది. వద్దన్న ఆ డెమో డిస్క్ 2021లో అమెరికాలో స్ట్రాంగ్ మ్యూజియం వాళ్ళ దగ్గరికి చేరింది, భద్రంగా ఉండాది. ఆడ వద్దన్నదానికి కూడా మ్యూజియంలో చోటిస్తారు, ఈడ పిల్లోళ్ళు రివ్యూ అయిన సాయంత్రమే ఫోల్డర్ డిలీట్ చేసి పెన్‌డ్రైవ్ సినిమాలకి వాడుకుంటారు. తీసేసిన అలిపిరి లెవెల్స్ యాడ పెట్టినారురా అని మావాళ్ళని అడిగితే, ఒకడి పాత ల్యాప్‌టాప్‌లో ఉండాది, దాని హార్డ్ డిస్క్ పోయిందన్నారు. మోకాళ్ళ పర్వతం మ్యాపు పేపర్ మీద పెన్సిల్‌తో గీసింది ఒకటి నా దగ్గర స్కానింగుకి ఇచ్చినారు, అదొక్కటి నా సిస్టమ్‌లో మిగిలింది. పక్కన మార్జిన్‌లో సన్నగా రాసుకున్నాడు, ఈడ నాలుగు మెట్లు తీసేయాల, దూకితే తల తగులుతాంది అని. సార్, ఈ ఒక్క లైనుకి మార్కులు వేయాలంటాను నేను.

కాబట్టి మీరు ఒక పని చేయండి. వచ్చే బ్యాచీ అబ్‌స్ట్రాక్టులు ఇచ్చేది జూలై ఆగస్టులోనే. అంతకు ముందే మీ రిపోర్టర్ని పంపించి తిరుపతి, చిత్తూరు కాలేజీల్లో ప్రాజెక్టు కోఆర్డినేటర్లతో మాట్లాడించండి, రివ్యూ షీటులో ఒక కాలమ్ పెంచమనండి, మొదట ఏమనుకున్నారు, ఏం తీసేసినారు, ఏది దేనిగా మార్చినారు, ఎందుకు, పాత వెర్షన్ చూపించినారా లేదా. అబ్‌స్ట్రాక్ట్ మారిస్తే తప్పు అనకుండా, మార్చిన తేదీ వేసి సంతకం పెట్టించుకుంటే చాలు. ఎక్స్‌టర్నల్‌గా వచ్చే సార్లు, మేడమ్‌లు టిక్కులు కొట్టేముందు ఒక ఐదు నిమిషాలు కీబోర్డు ముట్టుకోవాలని కూడా రాయండి, గేమ్ ప్రాజెక్టుకి గేమ్ ఆడకుండా మార్కులేంది సార్. ఆస్ట్రేలియాలో ఇద్దరు ముగ్గురు కలిసి హాలో నైట్ అని ఒక గేమ్ చేసినారు, దానికి చిన్న అదనపు ముక్కగా మొదలుపెట్టింది పెరిగి పెరిగి సిల్క్‌సాంగ్ అనే పెద్ద గేమ్ అయ్యి 2025 సెప్టెంబరులో వచ్చింది, ఆ గేమ్ చేస్తాండామని వాళ్ళు చెప్పింది 2019లో. వాళ్ళు మన కాలేజీలో ఉండింటే ఎనిమిదో సెమిస్టర్లోనే డిటెయిన్ అయ్యేవాళ్ళు.

ఆ కాలమ్ ఎట్ల ఉండాలో ఒక నమూనా పేజీ మీరు పేపర్లో వేసినా సరే, లేదంటే నేనే టైప్ చేసి పెడతా, ఏ కాలేజీ పిల్లోళ్ళు వచ్చినా ఆ ఒక్క పేజీకి ప్రింట్ డబ్బులు తీసుకోను, కలర్ అయితే మటుకు ఇవ్వాల.

ఇట్లు,
మీ పాత పాఠకుడు, ఒక డీటీపీ షాపాయన,
తిరుపతి